నేను కొట్టిన ఒక్క దెబ్బ

నాలుగో ఫారంలో మా ఇంగ్లీషు మాస్టారు వారానికొక క్రియ చొప్పున మాకు నూరిపోసేవారు. ఆయన బిట్రగుంట రైల్వే కాలనీలో పెరిగిన మనిషి. తన ఇంగ్లీషు ముందు జిల్లాలో ఎవరి ఇంగ్లీషూ నిలవదని ఆయన నమ్మకం. సోమవారం బోర్డు మీద ఒక మాట రాస్తే శనివారం దాకా దాని అర్థాలే. ఆ వారం రాసిన మాట 'స్ట్రైక్'.

'కొట్టు' అని రాసుకుని పుస్తకం పక్కన పెట్టేశాం. ఆయన వదల్లేదు. అగ్గిపుల్ల గీసినా స్ట్రైకే, గడియారం గంట కొట్టినా స్ట్రైకే. కూలీలు పని మానేసినా, బేరం కుదిరినా, పిడుగు పడినా, ఉన్నట్టుండి ఒక ఆలోచన తట్టినా అదే. సర్కసు వాళ్ళు డేరా పీకేయడానికి కూడా అదేనట. అర్థం చెప్పలేనివాళ్ళు లేచి నిలబడాలి. చెప్పినవాడు వెళ్ళి ఎడమచేత్తో వాళ్ళ ముక్కు పట్టుకుని, కుడిచేత్తో చెంప మీద కొట్టాలి. మెల్లగా కొడితే, ఎట్లా కొట్టాలో మాస్టారు వాడి చెంప మీదే చూపించేవారు. అందుకని స్నేహితులు కూడా గట్టిగానే కొట్టుకునేవాళ్ళు. ఇంగ్లీషు గంట అయ్యేసరికి క్లాసులో సగం చెంపలు ఎర్రగా ఉండేవి.

ఆడపిల్లలం ముగ్గురమే. మేము మగపిల్లల్ని కొట్టేది లేదు, వాళ్ళు మమ్మల్ని కొట్టేది లేదు. మాలో మేము కొట్టుకుంటే చాలు. అది రాసిపెట్టిన నియమం కాదుగానీ, అందరూ పాటించేవాళ్ళు.

ఆ గురువారం మాస్టారు ఒక వాక్యం చెప్పి, మొక్క 'స్ట్రైక్' చేయడమంటే ఏమిటని అడిగారు. ఎవరికీ తెలియలేదు. మాది విడవలూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో వరి పండించే ఊరు. నాట్లేసిన వారానికి పైరు వేరు పట్టడం నేను ఏటా చూసేదే. లేచి చెప్పాను. మాస్టారు బాగా చెప్పావనలేదు. నాలుగేళ్ళలో ఒక్కసారీ అనలేదు. నిలబడ్డ పదకొండు మంది మగపిల్లల వైపు బెత్తం చూపించి, "ఆడపిల్ల చేత తింటేగానీ సిగ్గు రాదు మీకు. కొట్టు" అన్నారు.

పదిమందిని వేళ్ళతో తట్టినట్టు కొట్టాను. ఆడపిల్లననేమో, మాస్టారు చూసి ఊరుకున్నారు. పదకొండోవాడు మా బావ.

ఆయన మా అమ్మకు సొంత అన్న కొడుకు. రెండుసార్లు తప్పి నా క్లాసుకొచ్చి కూర్చున్నాడు. నేను పుట్టినరోజే ఆయనకు నన్ను అనుకున్నారు. మా ఇళ్ళలో అట్లా అనుకున్న పిల్ల బావ ఎదురుపడితే తలుపు చాటుకు పోవాలి. నేను ఆయన వెనక వరసలో కూర్చుని చదువుకోవడమే పెద్ద వింతగా ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. నేను నిలబడిపోయి, "ఆయన మా బావండీ" అన్నాను. క్లాసంతా నవ్వింది. మాస్టారు కూడా నవ్వారు. నవ్వి, కొట్టకపోతే తానే నన్ను కొడతానన్నారు.

బావ ముక్కు ముందుకు చాచి, "కొట్టవే. ఈ చదువంతా రేపు మా ఇంట్లో పేడ ఎత్తడానికేగా" అన్నాడు.

అంతకు ముందు ఏడు నా లెక్కల పుస్తకంలో పేజీలు చించి పడవలు చేసి కాలవలో వదిలింది ఆయనే. అది గుర్తుంది నాకు. ముక్కు గట్టిగా పట్టుకుని, చెయ్యి వెనక్కి తీసి కొట్టాను. నా గోరు తగిలి ముక్కు పక్కన చీరుకుంది. తెల్ల చొక్కా మీద రక్తం జారింది. నవ్వులు ఆగిపోయాయి. అప్పుడు ఆ చప్పుడు నాకు బాగుందని ఒప్పుకుంటాను.

నేను ఇంటికి పోయేసరికి మామ మా వసారాలో ఉన్నాడు. ఆ చొక్కాను అమ్మ ముందు నేల మీద పరిచి పెట్టాడు. అమ్మ ఏమీ అడగలేదు. పొరక తీసుకుని దాని పుల్లలు విరిగిందాకా కొట్టింది. కొడుతూ ఏడ్చింది. మాస్టారే కొట్టమన్నారని నేను అరిచి చెప్పాను. మామ నమ్మలేదు. ఏ అయ్యవారూ ఆడపిల్లను మొగుడు కాబోయేవాడి మీదికి పంపడన్నాడు. ఆ తర్వాత మా నాయనతో, "ఒకటి కొట్టింది, ఒకటి తినాలి. చెంపకు చెంప. రేపట్నుంచి బడి లేదు" అన్నాడు. మా నాయన సేద్యం చేసేది మామ పొలం. "నువ్వెట్లంటే అట్లే బావా" అన్నాడు.

వీధిలో వాళ్ళందరూ చూస్తుండగా బావ నన్ను కొట్టాడు. ఒకటి కొట్టి ఆగలేదు. రెండోదీ మూడోదీ కొట్టాడు. మూడోదానికి పక్క పన్ను ఊడి నాలుక మీద పడింది. ఆ రెండూ పడేటప్పుడు మామ గేదెల వైపు చూస్తున్నాడు.

పన్ను కాగితంలో చుట్టుకుని పొద్దున్నే బడికి పోయాను. హెడ్మాస్టరుకు ఇంగ్లీషులో అర్జీ రాశాను. నేను ఒకసారి స్ట్రైక్ చేశాను, అదీ మాస్టారు ఆజ్ఞ మీద. నన్ను మూడుసార్లు స్ట్రైక్ చేశారు. మాస్టారు మా ఇంటికొచ్చి నిజం చెప్పాలి. హెడ్మాస్టరు అంతా చదివి, ఎర్ర సిరాతో రెండు తప్పులు దిద్ది, నాకే తిరిగిచ్చారు. ఇంటి గొడవల్లో బడి తలదూర్చదన్నారు. నాయన ఒప్పుకుంటే రమ్మన్నారు. పది రోజులు వరసగా రాకపోతే రిజిస్టరులో పేరు కొట్టేస్తామన్నారు. దానిక్కూడా ఇంగ్లీషులో ఆ మాటేనని అక్కడే తెలిసింది.

మాస్టారు వరండాలో ఎదురయ్యారు. నాకు కావలసింది ఒక్క మాట. ఆయన మా మామతో 'నేనే కొట్టమన్నాను' అంటే నా చదువు నిలబడుతుంది. అదే అడిగాను. ఆయన నా వాచిన మొహం చూసి, "నేను కొట్టమన్నానుగానీ రక్తం వచ్చేట్టు కొట్టమన్నానా" అని క్లాసులోకి పోయారు.

ఆ రోజు నుంచి ఇంట్లో యుద్ధమే. పుస్తకాలు తీస్తే నాయన చేతిలోంచి లాక్కునేవాడు. రెండుసార్లు బడికి బయలుదేరితే ఊరి చివర నుంచి జడ పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. అమ్మ అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. నేను రోజూ గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేదాన్ని. తొమ్మిదో గీత గీసిన పొద్దున మామ కళ్ళంలో నూర్పిడి జరుగుతోందని తెలిసి అక్కడికి పోయాను.

పాతికమంది కూలీలున్నారు. బావ గడ్డి మోపు మీద కూర్చుని ఉన్నాడు. ముక్కు పక్కన మచ్చ అప్పటికింకా పచ్చిగానే ఉంది. నేను మామ ముందు నిలబడి కాగితం విప్పి పన్ను చూపించాను.

"ఒకటికి ఒకటన్నావు మామా. ఈయన మూడు కొట్టినాడు. ఇంకా రెండు నేను కొట్టాలి. కొట్టి పోతా, లేకపోతే బడికి పంపించు."

కూలీలు చేతుల్లో పనలు పట్టుకునే నిలబడిపోయారు. ఇచ్చిన మాట తప్పాడని ఊళ్ళో ఎవరూ మామను అని ఉండలేదు. దాని మీదే ఆయన పెత్తనమంతా. తూర్పారపట్టే ముసలమ్మ చేట దించి, మామ మొహం చూడకుండా, "ఆ పిల్ల చెప్పేది నిజమే గదయ్యా. మేమంతా చూస్తిమి" అంది.

మామ బావను, ఎన్ని కొట్టినావని అడిగాడు. బావ మోపు దిగి నేల చూపులు చూశాడు. మామ ఎద్దులు తోలేవాడి చేతిలోని చర్నాకోల లాక్కుని బావ వీపు మీద రెండు దెబ్బలు వేశాడు. చొక్కా చిరిగింది. "తీరిందా? పో, బడికి పో" అన్నాడు నాతో. తీరలేదు. కొట్టవలసింది నేను. కానీ పోయాను.

పదో రోజు నా పేరు రిజిస్టరులోనే ఉంది. మాస్టారు వేరే క్రియ మొదలుపెట్టారు. నేను జవాబు చెప్పాను. తెలియనివాళ్ళు నలుగురు. కొట్టమన్నారు. ముందు మా మామతో ఆ మాట చెప్పి రండి, తర్వాత కొడతానన్నాను. చెయ్యి చాపమన్నారు. చాపాను. బెత్తం చీలిపోయిందాకా కొట్టారు. మర్నాడు మళ్ళీ అడిగారు, మళ్ళీ అదే చెప్పాను, మళ్ళీ కొట్టారు. మూడో రోజు నుంచి నన్ను ప్రశ్న అడగడం మానేశారు. రెండేళ్ళ పైన ఆయన క్లాసులో కూర్చున్నా నా వైపు చూడలేదు. మామ కూడా పెళ్ళి మాట మళ్ళీ ఎత్తలేదు.

ఎస్సెల్సీ పాసయ్యాను. సర్టిఫికెట్టు రాసింది ఇంగ్లీషు మాస్టారే. అందరికీ నడవడిక గళ్ళో 'గుడ్' అని రాశారు. నాకు 'ఫెయిర్' అని, అంటే అంతంతమాత్రమని రాశారు. మార్చమని ఆరుసార్లు బడికి తిరిగాను. మార్చలేదు. ఆ కాగితం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది, దాని మడతలోనే పన్ను కూడా ఉంది.