అంగుళం మింగిన దూలం

లోర్నా వొలెన్‌స్కీ దేన్నైనా మూడుసార్లు కొలుస్తుంది. చెక్కలే కాదు, కేకుకు పోసే పిండినీ, కిటికీ తెర గుడ్డనీ కూడా. పెన్సిల్వేనియా కొండల్లోని ఆ ఊళ్ళో ఆమెను ఆటపట్టించని వడ్రంగి లేడు. "లోర్నా కొలిచేలోపు చెట్టు ఇంకో అడుగు పెరుగుతుంది" అంటారు. అయినా ఆమె బిగించిన తలుపు ఏ వానాకాలంలోనూ పట్టెయ్యదు కాబట్టి, అలా అన్నవాళ్ళే తమ ఇళ్ళకు ఆమెను పిలుస్తారు.

ఆ అలవాటు ఆమెకు పంతొమ్మిదో ఏట పట్టుకుంది. తండ్రి కాజ్ దగ్గర పనిలో చేరిన మొదటి ఏడాది అది. ఊరి చర్చి వసారాకు పదహారడుగుల ఓక్ దూలం తెప్పించారు. టేపు కొసనుండే కొక్కెం వదులైతే, వడ్రంగులు చెక్క అంచున సున్నాకు బదులు ఒకటో అంగుళం గీతను ఆనించి కొలుస్తారు. అవతలి కొసన ఆ అంగుళం కలుపుకోవాలి. మరిచిపోతే చెక్క పొట్టిదైపోతుంది. దానికి వాళ్ళ మాట "అంగుళం మింగడం". ఆ రోజు లోర్నా కొలిచి గీత గీసింది, కాజ్ కోశాడు, దూలం సరిగ్గా అంగుళం పొట్టిదైంది. మరొకటి రావడానికి ఆరు వారాలు పట్టింది. ఆలోపు చర్చిలో జరగాల్సిన పెళ్ళి ఒకటి గుడారంలో జరిగింది. అందరూ లోర్నా వైపే చూశారు. కాజ్ మాత్రం ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ఆ పిల్ల ఎన్ని రోజులు ఏడ్చిందో లెక్కలేదు.

ఇప్పుడామెకు నలభై ఒకటి. కుడి భుజం అరిగిపోయింది, చెయ్యి పైకెత్తే పనులు ఇక వద్దన్నాడు డాక్టరు. పని చేయించే సూపర్‌వైజరుగా వెళ్దామంటే కంపెనీలన్నీ నిర్మాణంలో రెండేళ్ళ డిగ్రీ అడుగుతున్నాయి. లోర్నా దరఖాస్తు మూడుసార్లు నింపి, మూడుసార్లూ సొరుగులో పడేసింది. మొదటి పాఠమే లెక్కలు. ఒకటికి ఒకటి కలుపుకోలేక దూలం పాడుచేసిన మనిషికి డిగ్రీ ఏమిటని ఆమె భయం. ఆ భయం ఎవరికీ చెప్పలేదు.

"నేను నేర్పింది చాలలేదా నీకు?" అని, ఆమె చదువు మాట విన్నప్పటి నుంచి, డెబ్భై దాటిన కాజ్ రెండు వారాలు ముఖం మాడ్చుకుని తిరిగాడు. తీరా ఆమె ఆ డిగ్రీ చదివించే బడులు చూడటానికి బయలుదేరితే, వద్దన్నా వినకుండా బండెక్కి కూర్చున్నాడు.

మొదటి బడి అంతా అద్దాలే. అక్కడి అమ్మాయి నవ్వుతూ రంగుల కాగితాలు చేతిలో పెడుతుంటే, కాజ్ మెట్ల మీద మోకాళ్ళేసి టేపు తీశాడు.

"నాన్నా, లే. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. నాలుగో మెట్టు మిగతావాటికన్నా అరంగుళం ఎత్తు. కట్టడం నేర్పేవాళ్ళ మెట్లే కుంటుతున్నాయి. పద."

రెండో చోట పనిశాల ఆసుపత్రిలా మెరిసిపోతోంది. కాజ్ గాలి పీల్చి చూశాడు. రంపపు పొట్టు వాసనే లేదు. "ఇక్కడ చెక్క కోసి ఎన్నేళ్ళయిందో" అన్నాడు, అక్కడి మాస్టారుకు వినపడేలాగే. లోర్నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మూడోది పాత దాణా గోదాము. ఇమొజెన్ క్రైడర్ అనే పంతులమ్మ, జుట్టు నిండా చెక్కపొట్టుతో ఎదురొచ్చింది. ఆమె వెనక గోడంతా పొట్టి చెక్కలు మేకులకు వేలాడుతున్నాయి. ప్రతిదాని మీదా ఒక పేరు, ఒక తేదీ.

"ఇవేంటండీ?" అడిగింది లోర్నా.

"అంగుళం మింగినవాళ్ళవి. ఇక్కడ తప్పు కోసినవాళ్ళు తమ చెక్క తామే తగిలించాలి. పైన మొదటిది నాదే. కొత్తవాళ్ళకి అది చూపించాకే పాఠం మొదలుపెడతాను."

లోర్నా ఆ గోడను చాలాసేపు చూసింది. ఆమెకు ఏడుపొచ్చేలా ఉంది. నవ్వేసింది. "నాది పదహారడుగులండీ. మీ గోడ చాలదు."

కాజ్ టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"అది నీది కాదే" అన్నాడు.

"ఏది నాన్నా?"

"ఆ దూలం. నువ్వు గీసిన గీత సరిగ్గానే ఉంది. చిన్నపిల్ల, ఏం కొలిచిందోనని, నువ్వు అటెళ్ళాక నేను మళ్ళీ కొలిచా. నా టేపు కొక్కెం వదులు. గీత మార్చింది నేను. మింగింది నేను."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా."

"పనివాళ్ళంతా చూస్తున్నారు. రేపు చెబుదామనుకున్నా. ఆ రేపు ఇరవై రెండేళ్ళయింది."

లోర్నాకు కోపం వచ్చింది. మూడుసార్లు కొలిచిన ప్రతి చెక్కా, నిద్రపట్టని ప్రతి రాత్రీ గుర్తొచ్చాయి. గోడ వైపు తిరిగి నిలబడిపోయింది. వెనక తండ్రి ఊపిరి వినిపిస్తోంది. అరిగిన మోకాళ్ళతో, కూర్చోకుండా, ఆమె తిరిగేదాకా అలాగే నిలబడి ఉన్నాడు. ముసలాడైపోయాడని ఆమెకు అప్పుడు తెలిసింది.

"నాన్నా, కుర్చీలో కూర్చో" అంది చివరికి.

కూర్చోలేదు. కింద పడున్న ముక్కనొకటి తీసుకుని, చెవి మీది పెన్సిలుతో మెల్లగా రాశాడు. "కాజ్ వొలెన్‌స్కీ. చర్చి దూలం. మా అమ్మాయి గీత సరైనదే." పంతులమ్మ ఏమీ అడక్కుండా మేకూ సుత్తీ అందించింది. అతను సుత్తి ఎత్తితే, లోర్నా మేకు పట్టుకుంది.

"వేలు జాగ్రత్త" అన్నాడు.

"నువ్వు సరిగ్గా కొట్టు చాలు" అంది.

ఇంటికొచ్చాక ఆమె వంటింటి బల్ల దగ్గర కూర్చుని, మూడో బడి దరఖాస్తు నింపి, కవరులో పెట్టి అంటించింది. ఎదురుగా కాఫీ తాగుతున్న కాజ్ ఆగలేకపోయాడు.

"మళ్ళీ ఒకసారి చూసుకోవా?"

"అక్కర్లేదు" అంది లోర్నా.