రోజమ్మ టీచరు గారి శనివారాలు

బియ్యం డబ్బాలో పురుగు పట్టకుండా ఎండు వేపాకు వేస్తుంటే, ఆ చేదు వాసన ముక్కుకు తగిలి చెయ్యి ఆగిపోయింది. భీమడోలు దాటాక ఉన్న మా పూర్వీకుల విచారణ గుడిలో, అంటే ఆ చుట్టుపక్కల ఊళ్ళ క్రైస్తవులందరి చర్చిలో, పక్క గదిలోని పాత పుస్తకాల బీరువా తెరిచినప్పుడల్లా ఇదే వాసన వచ్చేది. ఆ బీరువా తాళంచెవి రోజమ్మ టీచరు గారి కొంగుకు ముడివేసి ఉండేది. గుడి బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఆవిడ, ఫాదర్ గారి అనుమతితో జ్ఞానస్నానాల, పెళ్ళిళ్ళ, మరణాల పుస్తకాలను పేజీల మధ్య వేపాకు పెట్టి కాపాడేవారు. పోయిన వేసవిలో ఆవిడ కన్నుమూశారు. ఆవిడను ఎరగనివాళ్ళకు ఆవిడ గురించి చెప్పాలంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆవిడ మొండితనమే.

నేను ఆవిడ దగ్గరికి వెళ్ళింది మా నాన్న కోసం. నాన్న కొల్లేరు నీళ్ళ మధ్య ఉన్న ఒక లంకలో పుట్టారు. ఊహ తెలియకముందే బంధువులెవరో తాడేపల్లిగూడెం తెచ్చి మేనత్త చేతుల్లో పెట్టారు. తండ్రి పనులకని దూరం వెళ్ళి మళ్ళీ రాలేదు. తెచ్చినవాళ్ళు వివరం చెప్పకపోవడంతో తల్లి సంగతి మేనత్తకూ సరిగ్గా తెలియదు. చుట్టుపక్కలవాళ్ళు మాత్రం, బిడ్డను వదిలేసి ఎవరితోనో లేచిపోయిందని తేల్చేశారు. లోకం నోటికి మూతెక్కడిది? ఇరవై ఏళ్ళ వయసులో నాన్న ఆ మాట నిజమో కాదో తేల్చుకోవాలని గుడికి వెళ్ళి మరణాల పుస్తకం తిరగేయించారు. తల్లి పేరు అందులో లేదు. పేరు లేదు కాబట్టి బతికే ఉందని, బతికుండి తనను వద్దనుకుందని ఆయన ఆనాడే మనసులో ముద్ర వేసుకున్నారు. ఏటా సమాధుల పండుగకు మేనత్త సమాధి మీద కొవ్వొత్తి పెట్టేవారే గాని, తల్లి మాట ఎత్తనిచ్చేవారు కాదు. నాన్న గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పినప్పటి నుంచి నాకు ఒకటే భయం. ఆ కోపంతోనే నాన్న వెళ్ళిపోకూడదు.

మొదటి శనివారం నేను ఫోన్ పట్టుకుని వెళ్ళాను. కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని, పుస్తకంలో ఒక పేరు వెతకడం ఎంతసేపు అనుకున్నాను.

"నాలుగు పేజీలు ఫోటో తీసుకుని వెళ్ళిపోతానండీ," అన్నాను.

"ఫోటో తీసినవాళ్ళు ఇంటికెళ్ళి చూడరమ్మా. చేతులు కడుక్కుని, తుడుచుకుని రండి. ఇక్కడే చదువుదురు గాని."

"అక్కరలేని పేజీలన్నీ ఎందుకండీ?"

"ఏది అక్కరలేదో మీకు ముందే తెలిస్తే ఇంతదూరం వచ్చేవారు కాదు కదండీ."

ఒళ్ళు మండింది. అయినా వెళ్ళి చేతులు కడుక్కున్నాను.

వరుసగా నాలుగు శనివారాలు చదివాం. మనవాళ్ళ పేరు ఒక్కటే చూసుకుని పుస్తకం మూయడం ఆవిడకు గిట్టదు. నేను పేరు, తండ్రి పేరు, ఊరు పైకి చదవాలి. ఆవిడ కళ్ళు మూసుకుని వింటారు. తొందరపడి ఒక వరుస మింగేస్తే, "ఒకళ్ళు తగ్గారండీ, మళ్ళీ చదవండి," అనేవారు. ఆవిడకు ఎలా తెలిసేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మరణాల పుస్తకం పూర్తయ్యేసరికి నాకు నీరసం వచ్చి, ఇక లాభం లేదన్నాను. ఆవిడ నిదానంగా జ్ఞానస్నానాల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు.

"చావు కోసం పుట్టుకల పుస్తకం చూస్తామాండీ?"

"లంకల వాళ్ళు కదమ్మా. నీళ్ళ ఊళ్ళ లెక్క వేరు. చూడండి."

ఆ పుస్తకం చివర, ఖాళీగా వదలాల్సిన పేజీల్లో, ఫాదర్ గారి తరఫున ఊళ్ళు తిరిగి ప్రార్థనలు చేయించే ఉపదేశి గారి గుండ్రటి అక్షరాలు కనిపించాయి. కొల్లేరు పొంగిన ఏడాది లంకల్లో చనిపోయినవాళ్ళను గుడి సమాధుల తోటకు తేవడం కుదరక గట్టు మీదే పూడ్చారు. నీళ్ళు తీశాక పిల్లలకు జ్ఞానస్నానాలు ఇప్పించడానికి ఉపదేశి గారు దోనె మీద వెళ్ళారు. చనిపోయినవాళ్ళందరికీ కలిపి ఒకే ప్రార్థన చేసి, సంచిలో ఉన్న పుస్తకంలోనే వాళ్ళ పేర్లు రాసుకున్నారు. మొత్తం పదకొండుమంది. ఏడో వరుసలో నాన్నమ్మ ఉంది. తెరేజమ్మ, చిన్నయ్య భార్య, జ్వరం. ఏడు నెలల కొడుకు జోజి ఉన్నాడు. ఆ జోజి మా నాన్నే. ఫోన్ తీసి నాన్న నంబరు నొక్కబోతే టీచరు గారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇలాంటివి ఫోన్లో చెప్పకూడదమ్మా. ఆయన్ని తీసుకురండి."

తర్వాతి శనివారం పాసింజరు రైల్లో నాన్నను తీసుకెళ్ళాను. విషయం చెప్పలేదు. చెబితే వచ్చేవారు కాదేమో. గదిలో కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, టీచరు గారు తనే లేచి నిలబడి చదివారు. నాన్నమ్మ పేరుతో మొదలుపెట్టలేదు.

"పదకొండుమందికీ ఒక్కటే ప్రార్థన జరిగిందండీ జోజి గారూ. విడగొట్టి చదవకూడదు," అని మొదటి పేరు నుంచి మొదలుపెట్టారు. ఏడో పేరు దగ్గర ఆవిడ గొంతు మారలేదు. పదకొండో పేరు దాకా అలాగే చదివి కూర్చున్నారు.

నాన్న ఏడుస్తారనుకున్నాను.

"వయసేమైనా రాశారాండీ?" అని అడిగారు.

"పందొమ్మిదండీ," అన్నారు టీచరు గారు.

"పందొమ్మిదా?" నాన్న నా వైపు తిరిగారు. "మన చిన్నదాని ఈడమ్మా." చిన్నది అంటే డిగ్రీ చదువుతున్న నా కూతురు. నాన్న మనసులో ఇన్నాళ్ళూ ఆ తల్లి ఒక పెద్ద మనిషి, రాతిగుండె మనిషి. ఆ క్షణంలో ఆవిడ వయసు తెలిసింది.

రోజమ్మ టీచరు గారి వల్ల నాకు ఒక అలవాటు మిగిలింది. రెండు నెలలు క్లాసుకు రాని పిల్ల పేరు కొట్టేయమని ఆఫీసు వాళ్ళు అడిగితే, ముందు వాళ్ళింటికి వెళ్ళొస్తాను. ఒక పుస్తకంలో లేదు కాబట్టి ఎక్కడా లేదని చెప్పడానికి నాకు నోరు రాదు. ఇంట్లో వాళ్ళు దీన్ని చాదస్తం అంటారు. అననీ.

ఈ ఏడాది సమాధుల పండుగకు నాన్న తనే తొందరపెట్టి నన్ను బయలుదేరదీశారు. టీచరు గారి సమాధి మీద మట్టి ఇంకా కొత్తగానే ఉంది. అక్కడ ప్రార్థన చేసుకుని, సమాధుల తోట మధ్యలోని పెద్ద సిలువ దగ్గరికి వెళ్ళాం. సమాధి లేనివాళ్ళకు కొవ్వొత్తులు అక్కడే పెడతారు. నాన్నమ్మను పూడ్చిన గట్టు ఏ చేపల చెరువు కిందికి పోయిందో ఎవరికీ తెలియదు. నాన్న కొవ్వొత్తి వెలిగించి, పెదవులు కదుపుతూ నిలబడ్డారు. తిరిగి వస్తూ నా భుజం పట్టుకున్నారు.

"నన్ను క్షమించమని అమ్మని అడిగానమ్మా."

నాలుగడుగులు వేశాక ఆయనే అన్నారు.

"చిన్నపిల్ల కదా, మనసులో పెట్టుకోదులే."