మా ఆవిడ చేతిలో ఈనెపుల్ల

కిందటి శనివారం గోంగూర పచ్చడి సీసా కోసం సిడ్నీలో మనవాళ్ళ కొట్లుండే హారిస్ పార్క్ వెళ్ళినవాణ్ణి, కొట్టు వెనకవైపు బియ్యం బస్తాల పక్కన మేకుకి వేలాడుతున్న కొబ్బరి చీపురు కనబడితే అక్కడే నిలబడిపోయాను. ప్లాస్టిక్ సంచీ తొడుక్కుని, ధర చీటీ అంటించుకుని, పెళ్ళికొడుకులా దర్జాగా ఉంది. ఎడ్మండ్‌సన్ పార్క్‌లో మా ఇల్లు ఊడవడానికి తనంతట తాను తిరిగే గుండ్రటి మర ఒకటుంది, మా అమ్మాయి దానికి పేరు కూడా పెట్టింది. అయినా ఆ చీపురు కొని, రైల్లో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ఎదురు సీట్లో మన కుర్రాళ్ళిద్దరు నన్నూ చీపురునూ మార్చి మార్చి చూసి నవ్వుకున్నారు. నవ్వుకోనీ, ఈ దేశంలో చీపురుపుల్ల కోసం కన్నీళ్ళు పెట్టుకున్న రోజులు వాళ్ళకేం తెలుసు? వై టూ కే పుణ్యమా అని పెట్టె సర్దుకుని వచ్చిన నా ఈడువాళ్ళకైతే చెబితే అర్థమవుతుంది.

మా మామగారు వారమంతా గుంటూరులో లెక్కల మాస్టారు, ఆదివారం మాత్రం చర్చిలో, మా మాటలో గుడిలో, క్వయర్ మాస్టారు. ఇంట్లో చీపురు నుంచి ఒక ఈనె లాగి, గాజుపెంకుతో నున్నగా గీకి, దాని కొసతోనే ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ కలిపి పాడించేవారు. ఆయన సంగీతం సంగతేమో గాని తన చీపురు మాత్రం ఏడాది తిరక్కుండా సగమైపోతోందని మా అత్తగారు గొణుక్కునేది. ఆయనకో పద్ధతి ఉండేది. కీర్తన చివరి చరణం రాగానే పుల్లను పుస్తకంలో పెట్టేసి చేతులు కట్టుకునేవారు. క్వయర్ తనంతట తాను పాడుతూ పోయేది, పుల్ల దిగడం చూసి గుడిలో ఉన్న జనమంతా లేచి నిలబడి గొంతు కలిపేవారు. ఎవరూ ఎవరికీ చెప్పిన మాట కాదది, ఆ గుడిలో పుట్టిన పిల్లలకి నడకతోపాటే వచ్చేది. పెళ్ళిచూపులకని మావాళ్ళు నన్ను ఆ గుడికే తీసుకెళితే, అందరూ లేచి నిలబడడంతో నాకు పిల్ల జడ తప్ప మరేమీ కనబడలేదు, ఆ జడనే చేసుకున్నాను.

పెళ్ళయిన కొన్నాళ్ళకే నాకు సిడ్నీలో ఉద్యోగం వచ్చింది. కంప్యూటరు ముందు కుదురుగా కూర్చోగలిగితే చాలు విమానం ఎక్కించే రోజులవి. పాత బ్యాంకు ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన చోటల్లా వెతికి నాలుగంకెలు చేయడం నా పని, నా వెనకే డిపెండెంట్ వీసా మీద రావడం మా ఆవిడ పని. పెట్టెల్లో ప్రెషర్ కుక్కరు, బైబిలు, కీర్తనల పుస్తకం, ఆ పుస్తకం పక్కన, తన దగ్గరే పుల్ల పట్టడం నేర్చిన కూతురికని మామగారు తెల్లదారంతో కట్టి ఇచ్చిన ఈనెపుల్లల కట్ట. దారి పొడుగునా ఆవకాయ గురించి భయపడ్డాం గాని పుల్లల గురించి మాకు తట్టనే లేదు. విమానాశ్రయంలో చేతులకు తొడుగులు వేసుకున్న అధికారిణి ఆవకాయను వదిలేసి, ఆ కట్టను పైకెత్తి ఇదేమిటని అడిగింది. నా భార్య వాయిద్యమన్నాను. ఎలా వాయిస్తారని ఆవిడ ఎంతో శ్రద్ధగా అడిగితే, వాయించరు, ఊపుతారు అన్నాను. చెట్టు నుంచి వచ్చినదేదీ దేశంలోకి రానివ్వడానికి వీల్లేదని మర్యాదగానే చెప్పి, కట్టను డబ్బాలో పడేసింది. గుంటూరులో తల్లిని వదిలి వస్తూ ఏడవని మనిషి అక్కడ, అంతమంది మధ్య, ఏడ్చింది.

హారిస్ పార్క్‌లో స్టేషనుకు దగ్గరగా ఒక పడకగది ఇంట్లో దిగాం. నేను పొద్దున్నే రైలెక్కి పోతే, ఆవిడకి తోడు కిటికీ ఒక్కటే. అలా చూసి చూసి, రెండు వీధుల అవతల గుడి ఉందని కనిపెట్టి క్వయర్‌లో చేరింది. అక్కడ క్వయర్ నడిపే ముసలావిడకి మోకాలు ఆపరేషన్ అయితే ఒక ఆదివారం ఈవిడ చేతికి అప్పగించారు. ఆ క్వయర్‌లో పాడే ఒకాయన, తను పెద్ద వయొలిన్‌లాంటి చెల్లో వాయించే ఆర్కెస్ట్రాకి ఆవిణ్ణి తీసుకెళ్ళాడు. పక్కనే ఉన్న పారమటాలో నర్సులూ టీచర్లూ ప్లంబర్లూ సాయంత్రాలు కలిసి వాయించుకునే ఆర్కెస్ట్రా అది. అక్కణ్ణుంచి యూనివర్సిటీలో, ఇక్కడి మాటలో యూనీలో, ఆర్కెస్ట్రా నడిపించే కోర్సు. చైనా భోజనంతో వచ్చే చాప్‌స్టిక్ ఒకటి పట్టుకుని అద్దం ముందు నిలబడి సాధన చేస్తుంటే, నేను పప్పు తాలింపు వేస్తూ వయొలిన్ల వైపున్నానో బూరల వైపున్నానో తెలియక కంగారు పడేవాణ్ణి.

మనవాళ్ళు ఊరుకుంటారా? శనివారం ఎవరింట్లో కలిసినా అదే వేళాకోళం. నెల్లూరు నుంచి వచ్చిన మిత్రుడొకాయన, “ఏం బ్రదర్, సిస్టర్ పాడరు, వాయించరు, ఊరికే చేతులూపుతారంట కదా, దానిక్కూడా యూనీలో డిగ్రీ ఇస్తారా?” అనేవాడు. పక్క ఫ్లాట్ హైదరాబాదీ భాయ్ మాత్రం మా ఆవిడ పక్షం. “అరె, చెయ్యి ఊపుడు ఆసాన్ అనుకుంటున్నావా? మా షాదీల బ్యాండోళ్ళను ఆపనీకె మా మామ గంటసేపు ఊపిండు, ఒక్కడు ఆగలే,” అని అందర్నీ నవ్వించేవాడు.

రెండువేల సంవత్సరం వచ్చింది. లోకమంతా ఆగిపోతుందన్నారు గాని ఏదీ ఆగలేదు, ఆగిపోయింది మా కాంట్రాక్టులే. మా అమ్మాయి పుట్టింది, నేను ఆ కంపెనీ ఈ కంపెనీ పట్టుకుని వేలాడుతూ చివరికి ఒక చిన్నచోట కుదురుకున్నాను. సరిగ్గా అప్పుడే ఫిన్లాండ్ నుంచి వచ్చిన, ఆర్కెస్ట్రాలు నడిపించే పెద్ద కండక్టర్ ఒకాయన, యూనీలో మా ఆవిడ ఆర్కెస్ట్రా నడపడం చూసి, తన దగ్గరికి సహాయకురాలిగా రమ్మన్నాడు. రెండేళ్ళు ఉండాలి, ఇచ్చేది ఆవిడ ఒక్కదాని తిండికీ అద్దెకీ సరిపోతుంది. ఇల్లు నిలబడాలంటే నేను ఇక్కడి పని వదలకూడదు. పాప అప్పుడప్పుడే గోడ పట్టుకుని నడుస్తోంది. మా ఆవిడ ఒక్కరోజే ఆలోచించి, రానని చెప్పేస్తానంది. గొంతులో ఏమీ వినబడనివ్వకుండా చెప్పింది, అందుకే నాకు భయమేసింది. వెళ్ళమని నేనంటే, నీకేం, అంటావు, పాపకి జ్వరం వస్తే ఎవరు లేస్తారు అంది.

మనవరాల్ని చూడ్డానికి మామగారు వచ్చింది ఆ రోజుల్లోనే. మొదటి కట్ట పోయిందని తెలుసు గనక మళ్ళీ ఒక కట్ట తయారుచేసి తెచ్చారు, తెచ్చి, గుడి పెద్ద కదా, అబద్ధమాడకుండా విమానంలో ఇచ్చిన కార్డు మీద ‘చీపురుపుల్లలు’ అని ఇంగ్లీషులో శుభ్రంగా రాసిచ్చారు. వాళ్ళూ శుభ్రంగా తీసేసుకున్నారు. “ఒక్కటైనా ఉంచమన్నాను బాబూ, కుదర్దన్నాడు. పోన్లెండి, వాడి డ్యూటీ వాడు చేశాడు,” అంటూ ఖాళీ చేతులతో బయటికొచ్చారు. ఫిన్లాండ్ సంగతి నేనే చెప్పాను. కూతురితో ఆ ఊసే ఎత్తలేదాయన, పాపని ఎత్తుకుని బాల్కనీలో తిరుగుతూ కీర్తనలు పాడుకున్నారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం పారమటాలో మా ఆవిడ ఆర్కెస్ట్రా కచేరీ. మర్నాడు ఫిన్లాండ్‌కి జవాబు చెప్పాలి. మనవాళ్ళని పిలిస్తే, వేళాకోళం చేసినవాళ్ళతో సహా అందరూ పట్టుచీరల్లో, షేర్వానీల్లో వచ్చి ముందు రెండు వరసలూ నింపేశారు. చప్పట్లు చివర్లోనే కొట్టాలనీ, దగ్గు వచ్చినా మింగాలనీ నేను ముందే అందరికీ నూరిపోశాను, మామగారికి తప్ప. సంగీతం తెలిసిన మనిషికి మనం చెప్పేదేముందనుకున్నాను.

చివరి పాట చివరి భాగం. బూరలన్నీ ఊరుకుని, వయొలిన్లు మాత్రం ఒక చిన్న వరసనే తిప్పి తిప్పి మెల్లగా వాయిస్తున్నాయి, జోల పాడుతూ తల్లి తానే కునికినట్టుంది. మా ఆవిడ కర్ర క్రమంగా చిన్నగా కదిలి కదిలి, ఆగి, కిందికి దిగింది. రెండు చేతులూ కట్టుకుంది. వయొలిన్లు వాటంతటవే వాయిస్తూ పోయాయి. నా పక్కన కుర్చీ కిర్రుమంది. మామగారు లేచి నిలబడ్డారు!

అంత నిశ్శబ్దంలో, తెల్ల పంచె, పైన కోటు, చేతులు కట్టుకుని నిటారుగా ఒక్కడే నిలబడిన ముసలాయన. చెయ్యి పట్టుకుని కూర్చోబెడదామని చూస్తే ఆయన కళ్ళు మూసి ఉన్నాయి, పెదాలు కదులుతున్నాయి. ఆయన గుంటూరు గుడిలో ఉన్నారు. ఆయన్ని ఒంటరిగా నిలబెట్టలేక పాపని ఎత్తుకుని నేనూ లేచాను. చివర్లో లేవడం కూడా ఇక్కడి రూలే కాబోలనుకుని నెల్లూరు మిత్రుడు లేచాడు, భాయ్ లేచాడు, మా రెండు వరసలూ చీరల గరగరతో లేచాయి. ఎవరైనా పోయారేమో, ఇది వారి జ్ఞాపకార్థమేమో అనుకున్నారో ఏమో, వెనకనున్న తెల్లవాళ్ళు కూడా ఒక్కొక్కరే లేచారు. ఆఖరి స్వరం ఆగాక మా ఆవిడ వెనక్కి తిరిగింది. హాలంతా నిలబడి ఉంది, చప్పట్లు ఎవరూ కొట్టడం లేదు. ఆవిడ తండ్రిని చూసింది, అర్థమైంది, మొహం రెండు చేతుల్లో దాచుకుంది. చప్పట్లు అప్పుడు మొదలయ్యాయి.

ఇంటికొచ్చాక తాను చేసిన పొరపాటు తెలిసి మామగారు చాలా సిగ్గుపడ్డారు. నీ పరువు తీశానా అమ్మా అని అడిగారు. లేదని ఆవిడ ఆయన భుజం మీద తల ఆనించింది. అప్పుడన్నారాయన, వచ్చినప్పటినుంచీ దాచుకున్న మాట. “పుల్ల దించితే పాట ఆగలేదు, చూశావుగా. నీ ఇల్లూ అంతేనమ్మా. నువ్వు దించు, మీ ఆయనా పిల్లా పాడుకుంటారు.” అని నా వైపు చూశారు. నేను తలూపాను. మర్నాడు ఆవిడ ఫిన్లాండ్‌కి వస్తానని రాసింది.

రెండేళ్ళన్నది రెండేళ్ళతో ఆగలేదు. ఫిన్లాండ్ తర్వాత జర్మనీలో నోరు తిరగని చిన్న ఊళ్ళు, ఆ తర్వాత ఒసాకా, పోలండ్, ఒక చలికాలం అర్జెంటీనా. మరీ గొప్ప పేరున్న హాళ్ళు కావు, కాని వెళ్ళిన ప్రతిచోటా మళ్ళీ పిలిచేవారు. మధ్య మధ్య ఇంటికి వచ్చి, పోపుల డబ్బా చోటు మారిందని నన్ను కేకలేసి, మళ్ళీ పెట్టె సర్దుకునేది. జడ వేయడం నాకు భాయ్ భార్య నేర్పింది. మా అమ్మాయి జ్వరాలకి నేనే లేచాను. నాకెప్పుడూ కోపం రాలేదంటే అబద్ధం, వచ్చేది, ముఖ్యంగా బడి వార్షికోత్సవాలప్పుడు. కాని ఫోన్‌లో కచేరీ ఎలా జరిగిందని అడిగితే ఆవిడ నవ్విన నవ్వుకి ఆ కోపం నిలిచేది కాదు.

మామగారు పోయినప్పుడు గుంటూరు గుడిలో క్వయర్‌ని ఆవిడే నడిపించింది. చివరి చరణానికి పుల్ల దించితే పెద్దవాళ్ళు లేచారు, చిన్నవాళ్ళు వాళ్ళని చూసి లేచారు. ఇప్పుడక్కడ గోడ మీద పాటల మాటలు చూపించే తెరలు, కీబోర్డులో దానంతటదే మోగే తాళం. ఎప్పుడు లేవాలో తెరే చెబుతుంది.

మా ఆవిడ వచ్చే గురువారం వస్తోంది, ఇక వెళ్ళనంటోంది, భుజం నొప్పట. మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయికి ఫోన్‌లో చెబితే, “ఫైనల్లీ డాడ్! యూ ఓకే?” అంది. తెలుగులోనే బాగానే ఉన్నానన్నాను. అప్పట్లో విమానాశ్రయంలో లాక్కున్నది ఇప్పుడు హారిస్ పార్క్‌లో మేకుకి వేలాడుతోంది. గీకి ఇచ్చే చెయ్యి మాత్రం దొరకదు. అందుకని ఆ చీపురు నుంచి నేనే ఒక ఈనె లాగి, గాజుపెంకు లేక కూరల కత్తితో నున్నగా గీకి, బల్ల మీద ఆవిడ కూర్చునే చోట పెట్టాను. మీరన్నట్టే ఇన్నేళ్ళూ పాట ఆపలేదు మామగారూ, నేనూ మీ మనవరాలూ పాడుతూనే ఉన్నాం. చివరి చరణం ఇంత పొడుగుంటుందని మాత్రం మీరు ఒక్క మాటైనా చెప్పలేదు.