అక్కావాళ్ల బూత్‌లో బావకి పడిన ఓటు

మా బావ బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల మెకానిక్. ముప్పై ఏళ్లుగా ఓ చిన్న ఎర్రజెండా పార్టీని మోస్తున్నాడు. ఈసారి ఎన్నికల్లో అభ్యర్థి కూడా తనే. గెలిచేలా ఉన్నవాడేమో యూనియన్లని ఊడ్చేస్తానని మైకులో అరుస్తున్నాడు.

అక్క అదే ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. నెలరోజులు బావ ప్రాణం తీసింది.

"నువ్వు ఓట్లు చీలిస్తే వాడు మన నెత్తినెక్కుతాడు. వాడికి పోటీగా ఉన్న రెండోవాడు దొంగే, కానీ మన పొట్ట కొట్టడు."

"దొంగల్లో మంచి దొంగని ఏరుకోడానికా నేను జైలుకెళ్లింది?" అని బావ కంచం ముందు నుంచి లేచిపోయేవాడు.

లెక్కింపులో బావ తరఫు ఏజెంటుని నేనే. యూనియన్లని ఊడ్చేస్తానన్నవాడే గెలిచాడు. అక్కావాళ్ల బూత్‌లో బావకొచ్చింది ఒకే ఒక్క ఓటు. ఒళ్లు మండిపోయింది నాకు.

ఇంటికెళ్లి, "పోన్లే బావా, నీ ఓటైనా నీకు పడింది" అన్నాను.

బావ మొహం మాడిపోయింది. "అది నాది కాదురా. లోపలికెళ్లాక భయమేసి రెండోవాడికి వేసేశా."

అక్క చేతిలో కత్తెర ఆగిపోయింది. "సున్నా వస్తే తట్టుకోలేవని నేనే వేశా."

వారం తిరక్కుండా ఫ్యాక్టరీ గేటు మీద పనిలోంచి తీసేసిన యూనియన్‌వాళ్ల జాబితా అంటించారు. అందులో అక్కాబావల పేర్లు పక్కపక్కనే ఉన్నాయి.