సంధ్యారాణి బదులు జంగయ్య చెప్పిన జవాబు

దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలో ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతోంది సంధ్యారాణి. మనిషిని ఒకసారి చూస్తే చాలు, కొలతలు చెప్పేస్తుంది. అలాంటి మనిషి రొమ్ములో గడ్డ కేన్సరని తేలాక, ఆ రొమ్ము సంగతి మాట్లాడే హక్కు ఆమె భర్తకు అన్న అయిన జంగయ్యకు దక్కింది. వాళ్ల నల్గొండ ఇళ్లలో రివాజు అది. ఆడమనిషి ఒంట్లో ఏ బాధున్నా దవాఖానలో నోరు తెరిచేది ఇంటి పెద్ద. ఈ పెద్దకు మీర్‌పేట్‌లో సిమెంటు దుకాణం ఉంది. వైద్యంలో ఆయన అర్హత అంతే.

ఎల్బీనగర్ దవాఖానలో గురువారం డాక్టర్లంతా ఒకచోట కూర్చుంటారు. రొమ్ము తీసే సర్జన్, మందులెక్కించే డాక్టరు, రేడియేషన్ కరెంటు పెట్టే డాక్టరు, పొట్ట కండతో కొత్త రొమ్ము కట్టే ప్లాస్టిక్ సర్జన్. తీసిన రోజే కట్టేయొచ్చని నలుగురూ ఒక మాట మీదికొచ్చారు. ఇక అడగాల్సింది ఒక్కరినే. ఆ ఒక్కరినీ బయటే ఉండమని, జంగయ్య తమ్ముణ్ని వెంటేసుకుని లోపలికి పోయాడు.

"నలభై ఆరేండ్లొచ్చినయి, బిడ్డ పెండ్లయింది. ఇంకెందుకు సార్ గవన్ని? తీసెయ్యుండ్రి, అయిపాయె," అన్నాడు. భర్త లింగస్వామి గంగిరెద్దులా తలూపాడు. అంతంత చదువులు చదివిన నలుగురిలో ఒక్కరికీ "ఆమె ఏమంటుంది?" అని అడగాలని తట్టలేదు. కొత్త రొమ్ము వద్దన్నారని ఫైల్లో రాసేసుకున్నారు.

ఆపరేషన్‌కు ముందురోజు సంతకం కోసం నర్సు అలేఖ్య వచ్చింది. ఆ డాక్టర్లందరినీ కలిపి తేదీలు కుదిర్చేది ఆమే. సంధ్యారాణి కాగితం మొత్తం చదివింది.

"మొన్న నా పొట్ట చూసిన డాక్టర్ పేరు గిందుల లేదేంది మేడమ్?"

"మీవాళ్లు వద్దన్నారు కదండీ. మీకు తెలుసనుకున్నాం."

సంధ్యారాణికి ఒళ్లు మండిపోయింది. కేన్సరని చెప్పిన రోజు కూడా ఇంత మండలేదు. పెన్ను పక్కన పెట్టింది.

"నలుగురిని మళ్ల కూసోబెట్టుండ్రి. గప్పటిదాంక సంతకం పెట్ట."

అలేఖ్య సర్జన్‌కు ఫోన్ చేసి కనుక్కుంది. వారం ఆగితే నష్టం లేదన్నాడు. నష్టమంతా జంగయ్య పరువుకే వచ్చింది.

"గీ వయసుల ఎవలు చూస్తరని?" అని గుడ్లురిమాడు.

"మొన్న ముందటి పన్ను రాలితే నెల తిరగకముందే కట్టించుకుంటిరి గద బావా. మిమ్ముల ఎవలు చూస్తరని?"

లింగస్వామి అలవాటు కొద్దీ దానికీ తలూపాడు.

గురువారం నాడు తలుపు తోసుకుని సంధ్యారాణే లోపలికి పోయింది. మాట్లాడే మగాళ్లెవరైనా వస్తున్నారేమోనని సర్జన్ ఆమె వెనక్కి చూశాడు. ఎవరూ లేరు.

"నాకు కావాలె సార్," అంది, ఆయన అడగకముందే.