కాచికూడా

ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి అందులో ఏం గొప్పుందని? సిగ్గుపడాల్సిన పని ఒకటి చేశాను, దాన్ని కప్పిపుచ్చడానికి ఇంకో రెండు చేశాను.

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న రోజులవి. నేను తార్నాకలో ఉంటూ, పక్కనే యూనివర్సిటీలో, కంప్యూటర్ సెంటర్‌లో కాంట్రాక్టు మీద ప్రోగ్రాములు రాసేదాన్ని. బందులు, రైల్‌రోకోలు, గేటు దగ్గర ముళ్లకంచెలు, కళ్లు మండించే పొగ. కొన్ని పరీక్షలు వాయిదా పడేవి, కొన్ని పడేవి కావు. పడని రోజున రాలేకపోయిన పిల్లల కోసం ఒక కమిటీ వేశారు. ఎందుకు రాలేకపోయారో ఆన్‌లైన్‌లో రాసి పంపాలి. కమిటీకి నమ్మకం కుదిరితే మళ్లీ పరీక్ష, లేదంటే ఏడాది పోయినట్టే. ఆ వెబ్ పేజీ తయారుచేసే పని నాకు అప్పజెప్పారు.

విజువల్ బేసిక్‌లో రాశాను, నాకు వచ్చిన విద్య అదే. హాల్‌టికెట్ నంబరు పెట్టెలో అంకెలు తప్ప ఇంకేం పడవు. ఫోన్ నంబరు పెట్టె పది అంకెలు దాటనివ్వదు. ఆఖరిది 'కారణం' పెట్టె. అందులో తెలుగులో రాయొచ్చు, మూడు వందల అక్షరాలకు మించకూడదు. నన్ను అడిగింది ఇంతవరకే. అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను?

సరిగ్గా పనిచేస్తోందో లేదో చూద్దామని నలుగురైదుగురు పిల్లలతో ముందుగా టైపు కొట్టించాను. 'గీడ', 'ఏంది', 'అయితది', 'నేను గూడ'... అయ్యో రామా, కమిటీ ముందుకు ఈ భాషా వెళ్లేది అనుకున్నాను. మా వాళ్లది గోదావరి వైపు. నేను మాత్రం పుట్టిందీ పెరిగిందీ తార్నాక సందుల్లోనే. చిన్నప్పుడు ఆడుకుని ఇంటికొచ్చి "ఆకలైతున్నది" అంటే, "మనింట్లో ఆ మాటలేంటే? ఆకలేస్తోంది అనలేవూ?" అని అమ్మ నెత్తిన మొట్టేది. తెలుగులో మంచిదీ చెడ్డదీ ఉంటాయని అలా నేర్చుకున్నాను. పెద్దయ్యాక ఆ మొట్టికాయలు నేనే వేయడం మొదలుపెట్టాను.

ఓ నలభై మాటల పట్టీ రాసి ఆ పెట్టెకు తగిలించాను. కర్సర్ పెట్టెలోంచి బయటికి రాగానే 'గీడ' ఇక్కడ అవుతుంది, 'ఏంది' ఏమిటి అవుతుంది, 'గూడ' కూడా అవుతుంది; పట్టీలో లేని మాటలు మాత్రం అలాగే ఉండిపోతాయి. పేజీలో అదే చివరి పెట్టె కాబట్టి, రాయడం అయిపోగానే సబ్మిట్ నొక్కుతారు. మాట మారడం, దరఖాస్తు వెళ్లిపోవడం ఒక్క క్షణంలో జరిగిపోతాయి, రాసినవాళ్లకు కనపడదు. వాళ్లు రాసిన అసలు మాటను ఎక్కడా దాచలేదు కూడా. పిల్లలకు మేలు చేస్తున్నానని తెగ మురిసిపోయాను.

కమిటీ కూర్చున్న రోజు దరఖాస్తులు ఒక్కొక్కటీ తెర మీద తెరిచి పైకి చదవడం నా పని. అధ్యక్షుడు పెద్దాయన. ఆయనదీ ఈ ప్రాంతమే, మాట మాత్రం రేడియో వార్తల్లా ఉండేది. మధ్యాహ్నం దాటాక ఒక ఎమ్మే అమ్మాయిది వచ్చింది. ఇంటికెళ్లి పరీక్ష రోజు పొద్దున రైల్లో తిరిగొస్తోందట. "కాచికూడా స్టేషన్‌ల బండి ఆపిన్రు. అంబర్‌పేట మీదికెల్లి నడిచి వచ్చిన. గేటు బంద్ ఉండె" అని చదివాను.

అందరూ గొల్లున నవ్వారు. "కాచికూడానా? కాచి కూడా, ఇంకేమిటమ్మా?" అన్నారొకరు. నేనూ నవ్వాను. దేవుడా, నేనూ నవ్వాను.

పెద్దాయన నవ్వలేదు. "తను దిగిన స్టేషన్ పేరు తెలియని మనిషి ఉంటుందా? ఎవరిదో చూసి ఎక్కించింది. తిరస్కరించండి" అన్నారు.

అప్పటికి నా మట్టిబుర్రకు వెలిగింది. 'గూడ' అన్న మాట విడిగా ఉందా, ఇంకో మాట చివర అతుక్కుని ఉందా అని నా ప్రోగ్రాం చూసుకోదు. ఎక్కడ కనపడితే అక్కడ మార్చేస్తుంది. ఈ నగరంలో గూడలకు కొదవా! ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని, ఆ ఆలోచనే రాలేదు. మిగతా దరఖాస్తులు చాలావరకు హాస్టల్ పిల్లలవి కావడంతో అప్పటిదాకా బయటపడలేదు.

నోరు తెరిచి ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్పలేదు. ఆంధ్రావాళ్ల అమ్మాయి ప్రోగ్రాం రాసి తెలంగాణ మాటలు చెరిపేసిందని ఆ రోజుల్లో ఆ క్యాంపస్‌లో పొక్కితే నా గతేమిటని భయపడ్డాను. ఇన్నాళ్లూ ఆ భయమే కారణమని సర్దిచెప్పుకున్నాను. నిజానికి అంతకంటే ఎక్కువగా, తెలుగు నాకే వచ్చనుకున్నదాన్ని అందరి ముందు తెలివితక్కువదాన్ని కావడం ఇష్టం లేకపోయింది. సీటుకు వెళ్లి పట్టీ మొత్తం చెరిపేశాను. ఆ అమ్మాయి తిరస్కరణ మాత్రం అలాగే ఉంది.

రెండ్రోజులకు ఆ అమ్మాయే వెతుక్కుంటూ వచ్చింది. సన్నగా ఉంది, సీతాఫల్‌మండిలో గది తీసుకుని చదువుతోందట. ఒక చేతిలో 'కాచికూడా' కింద గీత పడ్డ దరఖాస్తు ప్రింటు, ఇంకో చేతిలో నోటుబుక్కు. కొట్టేముందు చిత్తుగా రాసుకున్న పేజీ తీసి చూపించింది. అందులో కాచిగూడ అని గుండ్రంగా, శుభ్రంగా ఉంది.

"నేను మంచిగనే కొట్టిన మేడం. గిట్లెట్లయింది?"

"కంప్యూటర్ తనంతట తాను మార్చదమ్మా. నువ్వే ఏదో తప్పు కొట్టి ఉంటావు" అన్నాను. నా గొంతు ఎంత మామూలుగా ఉందో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నోటుబుక్కు మూసేసింది. "గట్లనే అయ్యుంటది మేడం. తెలుగు టైపింగ్ నాకు కొత్తనే. మీ టైం ఖరాబు చేసిన, ఏమనుకోకుండ్రి" అంది.

నాకు క్షమాపణ చెప్పి వెళ్లబోయింది. ఆపి, "కాగితం మీద మళ్లీ రాసివ్వు, కమిటీలో నేను పెడతాను" అన్నాను. నిజం చెప్పే ధైర్యం లేక దయ చూపించాను.

మర్నాడు తెచ్చింది. 'కాచిగూడ స్టేషన్‌లో రైలును ఆపివేశారు. అంబర్‌పేట మీదుగా నడిచి వచ్చాను. ప్రవేశద్వారం మూసివేయబడి ఉంది' అని రాసుంది. అక్కడక్కడ 'ఉన్నది' కొట్టేసి పైన 'ఉంది' అని దిద్దుకుంది.

"మా మాట రాస్తే కమిటీల నవ్విన్రంట గద మేడం. అందుకే మీ లెక్క రాసిన. ఇప్పుడు మంచిగున్నదా?"

"చాలా బాగుంది" అన్నాను. ఇంకేమంటాను? నా నలభై మాటల పట్టీ చెయ్యాలనుకున్న పనంతా ఆ పిల్ల రాత్రి కూర్చుని తన చేత్తో చేసుకుంది.

కాగితాన్ని కమిటీలో పెట్టాను. పెద్దాయన మొదటి దరఖాస్తునూ దీన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివారు. "అందులో స్టేషన్ పేరు కూడా రాయలేని పిల్ల ఇంత శుద్ధంగా ఎలా రాసింది? ఇది ఆ అమ్మాయి భాష కాదు. ఎవరో రాసిచ్చారు" అన్నారు.

"సార్, అదీ..." అన్నాను.

"ఏమిటమ్మా?"

అందరూ నా వైపు చూస్తున్నారు. "ఏం లేదు సార్" అన్నాను. కాగితం వెనక్కి ఇచ్చేశారు.

ఆ అమ్మాయి మెట్ల దగ్గర నిలబడి ఉంది. నన్ను చూడగానే ఎదురొచ్చింది. ఒప్పుకోలేదని చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, కోప్పడుతుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. నా చేతిలోంచి కాగితం తీసుకుని, మొదటి పంక్తి నుంచి చివరిదాకా వేలు పెట్టి చదువుకుంటూ పోయింది. తర్వాత తలెత్తి నన్నడిగింది.

"ఈసారి ఏం తప్పు రాసిన మేడం?"