పటిక ముక్క

హంసలదీవి చేరేసరికి మా కారవాన్ టాయిలెట్ ట్యాంకు నిండిపోయింది. మేం దిగిన టూరిస్టు క్యాంపులో నాలుగు టెంట్లూ ఒక రంగుల బోర్డూ ఉన్నాయి గానీ, మురుగు వదిలే చోటే లేదు. బిందెతో కాలవకి వస్తున్న ఒక పెద్దావిడని అడిగాను.

"అందరూ ఈ కాలవలోనే వదులుతారండీ," అంది.

"మరి మీరు తాగేది?"

"ఇవేనండీ. బోరేస్తే ఉప్పునీళ్ళే పడతాయి."

ఆ మాట విని కూడా నేను పైపు కాలవలోకే పెట్టాను. ఇంకెక్కడ పెట్టను?

నా పని అయ్యేదాకా ఆవిడ పక్కనే నిలబడింది. తరవాత నాలుగడుగులు ఎగువకి వెళ్ళి బిందె ముంచుకుంది. కొంగు ముడి విప్పి, పటిక ముక్క తీసి నీళ్ళలో తిప్పుతూ, "ఇవాళ ఇంకాస్త ఎక్కువసేపు తిప్పాలి," అనుకుంది.